వేళ్ళు పెంచుకున్న ఎండాకాలం

ఆ ఎండాకాలం నేను వేళ్ళు పెంచుకున్నాను.

గోళ్ళనుకునేరు. వేళ్ళే. మా లాండ్రీలో ఆడవాళ్ళు ఆ మాటని కుండీలో మొక్క వేశామన్నంత మామూలుగా అనేవాళ్ళు. "దాన్ని రోలరు దగ్గరికి పిలవకండి, వేళ్ళు పెంచుకుంటోంది" అంటే ఇక ఎవరూ మారు మాట్లాడేవాళ్ళు కాదు.

మా లాండ్రీకి ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ వచ్చేవి. ఉతికి పిండిన తడి దుప్పటిని మంచమంత వెడల్పున్న రోలర్ల మధ్యకి దూరిస్తే, ఇస్త్రీ అయిపోయి, పొగలు కక్కుతూ అవతల పక్క బయటికి వచ్చేది. అక్కడ ఇద్దరు నిలబడాలి. చెరో రెండు మూలలూ పట్టుకోవాలి, దులపాలి, ఎదురెదురుగా నడవాలి, మూలలు కలిపి మడిచి కింద పెట్టాలి. ఈలోగా ఇంకోటి వచ్చేస్తుంది. చేరిన రోజున ఒక జత చేతి తొడుగులు ఇచ్చారు గాని అవి నెలకే చిరిగిపోయాయి, మళ్ళీ ఇవ్వలేదు. మొదటి వారం వేలి కొసలు బొబ్బలెక్కాయి. తర్వాత గట్టిపడ్డాయి. ఏడాది తిరిగేసరికి అరిగిన సబ్బుబిళ్ళల్లా నున్నగా అయిపోయాయి. వాటిమీద గీతలు లేవు.

గీతలు లేకపోతే ఏం పోయింది అనొచ్చు. పిల్లకి జడ వేయడానికి గీతలు అక్కర్లేదు. కాని మేం బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళం. రెండేళ్ళకోసారి పర్మిట్టు ఆఫీసుకి వెళ్ళి గాజుపలక మీద వేళ్ళు ఆనించాలి. పచ్చదీపం వెలిగితే ఇంకో రెండేళ్ళు ఉండొచ్చు. ఎర్రదీపం వెలిగితే ఏమవుతుందో ఎవరూ గట్టిగా చెప్పేవాళ్ళు కాదు. గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు.

అందుకని ఆడవాళ్ళు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరికి ఆఫీసు తారీకు వచ్చినా పన్నెండు రోజుల ముందే వాళ్ళని చల్లబల్లకి మార్చేవారు. చల్లబల్ల అంటే, చల్లారిన దిండు గలీబుల్నీ తువ్వాళ్ళనీ కట్టలు కట్టే చోటు. అక్కడ వేడి తగలదు. పన్నెండు రోజులకి కొత్త చర్మం వస్తుంది, దానితోపాటు సన్నగా గీతలూ వస్తాయి. ఈ సంగతి సూపర్‌వైజరుకి తెలియదు. తెలుసేమో కూడా. తెలుసునని ఒప్పుకుంటే ఎందుకు అరుగుతున్నాయో కూడా ఒప్పుకోవాలి కదా, అందుకని మాకు ఈల వేయడం తప్ప ఆయన ఇంకేమీ చూసేవాడు కాదు. ఆయన్ని ఈలసారు అనుకునేవాళ్ళం.

ఎవరు ఎప్పుడు చల్లబల్లకి వెళ్ళాలో అంతా పెద్దక్క బుర్రలో ఉండేది. పదకొండేళ్ళుగా ఆ రోలరు దగ్గరే ఉంది. రెండేళ్ళుగా నాకు ఎదుటి కొస పట్టేది ఆవిడే.

"ఒసేయ్ బెదురూ, రేపట్నుంచి నువ్వు చల్లబల్ల."

ఈల వినబడితే ఉలిక్కిపడతానని లాండ్రీలో అందరూ నన్ను అలాగే పిలిచేవారు.

"ఇంకా పద్నాలుగు రోజులుంది కదక్కా."

"నీకు బెదురెక్కువ. చర్మం కూడా బయటికి రావడానికి జంకుతుంది. ఒక రోజు ఎక్కువే వేశాను."

"అప్పటికీ రాకపోతే?"

"రాకపోతే నావి కోసి అతికిస్తాలే."

"నీకు మాత్రం ఉన్నాయేంటి?"

పెద్దక్క రెండు చేతులూ తిప్పి చూసుకుంది. పక్క రోలరు దగ్గరివాళ్ళు కూడా పకపకా నవ్వారు. ఈల వినబడింది. నేను ఉలిక్కిపడ్డాను. వాళ్ళు ఇంకా నవ్వారు.

*

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. వాళ్ళ నాన్న దాన్ని ఎందుకమ్మగారు అనేవాడు. పొద్దున కళ్ళు తెరిస్తే ఎందుకు, రాత్రి మూసేదాకా ఎందుకు. ఆయన గోడలకి రంగులు వేసేవాడు. సాయంత్రం చెవి వెనక రంగు చుక్కతో వచ్చి, "ఎందుకమ్మగారూ, ఈ వేళ ఎన్ని ఎందుకులు మిగిలాయి?" అని అడిగేవాడు.

ఆ రోజు అది బడినించి ఒక కాగితం తెచ్చింది. రెండు నెలలపాటు వాళ్ళకి ఒకటే పాఠమట, మన ఇంటివాళ్ళు చేసే పని. సెలవులిచ్చేలోగా ఇంట్లో ఒకరిని ప్రశ్నలడిగి జవాబులు రాసుకు రావాలి. ఆఖరి వారంలో ఆ మనిషిని బడికి కూడా తీసుకురావాలి.

"నన్నడుగు, నన్నడుగు," అన్నాడు ఆయన. "నిచ్చెనెక్కితే ఊరంతా నా కిందే. రాసుకో."

"నాన్నవి వద్దు. నాన్న అన్నీ జోకులే చెప్తాడు. టీచరమ్మ జోకులు రాయొద్దంది." పెన్సిలు నాలుక మీద అద్దుకుని నావైపు తిరిగింది. "అమ్మా, నువ్వెక్కడనుంచి వచ్చావు?"

"తెలీదూ? నువ్వూ అక్కడనుంచేగా వచ్చింది."

"నేను పాపాయిని. నాకు గుర్తులేదు. ఎందుకొచ్చావు?"

"పని కోసం."

"అక్కడ లేదా పని?"

"ఉంది. చాల్లేదు."

రాసుకుంది. కాగితం మీద వంగితే దాని జడ కొస అక్షరాల మీద పడుతోంది.

"ఏం పని చేస్తావు?"

"దుప్పట్లు మడుస్తాను."

"పని దగ్గర కూర్చోడానికి ఉంటుందా?"

అక్కడ ఆగాను. ఇవి పిల్లల ప్రశ్నల్లా లేవు. ఈ కాగితం బడికి వెళ్తుంది, బడినించి ఎక్కడికి వెళ్తుందో, ఎవరు చదువుతారో. లాండ్రీ పేరు కూడా రాయించారా అని పైనుంచి కిందికి చూశాను. రాయించలేదు. అయినా నా గుండె నెమ్మదించలేదు. నా భయాలకి కారణాలు అక్కర్లేదని ఆయన అంటూ ఉంటాడు, అవి వాటంతటవే బతికేస్తాయట.

"ఉంటుంది. కూర్చుంటాం."

"తాగడానికి నీళ్ళు?"

"బోలెడు."

"పని చేస్తే నొప్పి పుడుతుందా?"

"లేదు."

"అస్సలు?"

"అస్సలు లేదు. ఇంక లే, దుప్పటి తీసుకురా."

ఆయన నావైపు చూశాడు.

దండెం మీద ఆరిన బట్టలు మడవడం మా ఇద్దరి ఆట. అది ఒక కొస పట్టుకుని గోడ దాకా వెళ్ళి నిలబడేది. లాండ్రీలో పెద్దక్క పాడినట్టు నేను పాడేదాన్ని, "పట్టూ, నడూ, కలుపూ, దించూ." అది బుడిబుడి అడుగులు వేసుకుంటూ వచ్చి, మునికాళ్ళ మీద లేచి, తన రెండు మూలలూ నా వేళ్ళకి అందించేది.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మాన్పించారు అనాలి. ఆ ఏడేళ్ళలో లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడిగిన గుర్తు నాకు లేదు. దీనికి ఇన్ని ప్రశ్నలు నేర్పుతున్న ఆ టీచరమ్మ మంచి చేస్తోందో చెడు చేస్తోందో నాకు అంతు పట్టలేదు.

*

బడిలో దానికి ఒక ప్లాస్టిక్ భూతద్దం ఇచ్చారు, ఆకులూ చీమలూ చూడమని. అది ఆకుల్నీ చీమల్నీ వదిలేసి నా వేళ్ళని పట్టుకుంది.

ఎలా తెలిసిందంటే, నేనే దొరికిపోయాను. చల్లబల్లకి మారిన మూడో రోజున కిటికీ దగ్గర నిలబడి వేళ్ళని వెలుతురుకి పెట్టి చూసుకుంటున్నాను.

"ఏం చూస్తున్నావమ్మా?"

"ఏం లేదు. గీతలొచ్చాయేమోనని."

అంతే, ఆ రోజునించీ నా వేళ్ళ బాధ్యత అది తీసుకుంది. నేను రాగానే చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర కూర్చోబెట్టేది. ఒక కన్ను మూసుకునేది. దాని ఊపిరి నా అరచేతికి వెచ్చగా తగిలేది.

"చిటికెన వేలు ఫస్టు వచ్చింది! మూడు గీతలున్నాయి. చూపుడు వేలుకి రెండు. బొటన వేలు ఇంకా నిద్ర లేవలేదు."

"లేపు మరి."

అది బొటన వేలుకి నోరు ఆనించి, "లేవవే, బడికి లేటవుతోంది," అనేది.

గిన్నెలు తోమనిచ్చేవారు కాదు నన్ను. ఆ రోజులన్నీ ఆయనే తోమాడు. "రాణీగారి వేళ్ళు పెరుగుతున్నాయి, దారి వదలండి," అని సింకు దగ్గరినుంచి కేక పెట్టేవాడు. రోజూ పడుకునే ముందు నూనె రాసేవాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఆయన నా చెయ్యి అంతసేపు పట్టుకోవడం అప్పుడే.

ఒక సాయంత్రం పిల్ల తన వేలూ నా వేలూ పక్కపక్కన పెట్టింది.

"నావి చూడు, సుడులు సుడులుగా ఉన్నాయి. నీవెందుకు పోయాయి?"

"నాకు పుట్టుకతోనే అంతే."

భూతద్దం దించి నా మొహంలోకి చూసింది.

"పుట్టుకతోనే లేకపోతే ఇప్పుడెందుకొస్తున్నాయి?"

"తిని పడుకో, పొద్దుపోయింది," అన్నాను. కిటికీలో ఇంకా ఎండ ఉంది.

*

తారీకు రెండు రోజుల్లోకి వచ్చింది. నాకు బొటన వేలు కూడా నిద్ర లేచింది.

ఆ రోజు లాండ్రీలో గాలి ఆడలేదు. రోలర్ల మీది ఆవిరి పీల్చే ఫ్యాను ఆగిపోయి వారం అయింది. గోడలకి చెమటలు పట్టాయి. నా చోట కొత్తగా చేరిన అమ్మాయి నిలబడి పెద్దక్కకి ఎదుటి కొస పడుతోంది. నేను చల్లబల్ల దగ్గర గలీబులు కట్టలు కడుతూ, చెవులు మాత్రం రోలరు దగ్గరే ఉంచాను. రెండేళ్ళుగా పెద్దక్క పాట మీదే నా కాళ్ళు నడిచాయి. పట్టూ, నడూ, కలుపూ, దించూ.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ పాట ఆగిపోయింది.

తల ఎత్తి చూస్తే పెద్దక్క దుప్పటిని రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది, తెర కట్టబోతున్నట్టు. నడవడం లేదు. ఎదుటి అమ్మాయి, "అక్కా, అక్కా," అంటోంది. వాళ్ళ వెనక రోలరు ఒకటి తర్వాత ఒకటి దుప్పట్లని కక్కుతోంది, అవి జారి నేలమీద పడుతున్నాయి. నేలమీద పడితే మళ్ళీ ఉతకాలి. ఈల వినబడింది.

ఆ ఒక్కసారి నేను ఉలిక్కిపడలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. వెళ్ళి పెద్దక్క చేతుల్లోంచి మూలలు తీసుకున్నాను.

"పోవే," అంది పెద్దక్క. పెదాలు తెల్లబడ్డాయి. "నీ వేళ్ళు."

"నువ్వు కూర్చో అక్కా."

"ఎక్కడ కూర్చోనే? నీ నెత్తిమీదా?"

దుప్పట్లు మోసే బుట్ట ఒకటి బోర్లించి కూర్చోబెట్టాను. ఎవరో మొహాన నీళ్ళు చల్లారు. నీళ్ళ కుళాయి ఆ చివర, గేటు పక్కన ఉండేది. వెళ్ళాలంటే ఈలసారుని అడగాలి, అందుకని పెద్దక్క పొద్దుటినుంచీ చుక్క తాగలేదట.

ఆ పూట మిగిలిన నాలుగు గంటలూ ఆవిడ కొస నేనే పట్టాను. మర్నాడు ఆవిడ పనికి రాలేకపోయింది. మర్నాడూ నేనే పట్టాను. పదకొండు రోజుల లేత చర్మం, మొదటి పది దుప్పట్లకే చుర్రుమంది. నూరో దుప్పటికి ఏమీ తెలియలేదు.

సాయంత్రం, రోలరు వేడికి పెద్దక్క కూలబడిన సంగతి ఆయనకి చెబుతుంటే పిల్ల విన్నది, దానికి ఆవిడ పెద్దమ్మ. తర్వాత నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసుకుంది. చిటికెన వేలు చూసింది. చూపుడు వేలు చూసింది. మళ్ళీ చిటికెన వేలు చూసింది. భూతద్దం ఒళ్ళో పెట్టుకుని, పాలు చల్లార్చినట్టు, నా వేళ్ళ మీద ఒక్కొక్కటిగా ఊదడం మొదలుపెట్టింది.

ఎందుకని అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక అది అడగకపోవడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత సంచిలోంచి బడి కాగితం తీసి రబ్బరుతో ఏదో చెరిపింది. అది నిద్రపోయాక తీసి చూశాను. నొప్పి పుడుతుందా అన్నదానికి నేను చెప్పిన ‘లేదు’ పోయింది. అక్కడ నల్లగా మరక మిగిలింది. కొత్తగా ఏమీ రాయలేదు.

*

పర్మిట్టు ఆఫీసుకి పిల్లని తీసుకువెళ్ళాను. ఇక్కడి భాష నాకు సగమే అర్థమవుతుంది. మిగతా సగం అదే నాకు తెలుగులో చెప్పేది. బస్సులోనైనా, మందుల షాపులోనైనా నా నోరు అదే. ఆయన నిచ్చెన దిగి రావడానికి ఆ రోజు కుదరలేదు. పొద్దున వెళ్తూ గుమ్మంలో ఆగి, నా చేతులు చూసి, "ఏం కాదులే," అన్నాడు. జోకు వేయలేదు. అందుకే ఇంకా భయమేసింది.

కౌంటరు వెనక కళ్ళద్దాలకి గొలుసు కట్టుకున్న ఆవిడ కూర్చుని ఉంది. గాజుపలక మీద వేలు ఆనించాను. ఎర్రదీపం. తుడుచుకోమంది. ఎర్రదీపం. ఏదో నీళ్ళమందు ఇచ్చి రాసుకోమంది, కుడి చెయ్యి వదిలేసి ఎడమ చెయ్యి పెట్టమంది. ఎర్రదీపం, ఎర్రదీపం. నా వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు. మెడ మీద చెమట కారుతోంది, వేళ్ళకి మాత్రం పట్టదు.

ఆవిడ ఏదో అడిగింది.

"ఏం పని చేస్తావంటోందమ్మా. వేళ్ళెందుకిలా ఉన్నాయంటోంది."

"పుట్టుకతోనే ఇంతేనని చెప్పు."

పిల్ల కదలలేదు.

"చెప్పవే."

"వచ్చాయిగా అమ్మా. మనం చూశాంగా."

"చెప్పమన్నది చెప్పు తల్లీ. ఆవిడ చూస్తోంది."

అది ఆవిడ వైపు తిరిగింది. కౌంటరు అంచు దాని గడ్డం దాకా వచ్చేది, మునికాళ్ళ మీద లేచి మాట్లాడటం మొదలుపెట్టింది. చెబుతూనే ఉంది. పుట్టుకతోనే ఇంతే అనడానికి అంతసేపు పట్టదు. నాకు అక్కడో మాటా ఇక్కడో మాటా తెలుస్తోంది. దుప్పట్లు అంది. వేడి అంది. పెద్దమ్మ పడిపోయింది అంది. ఆపమని దాని భుజం పట్టుకున్నాను, నా చెయ్యి వదిలించుకుని వెనక్కి జరిగింది. గాల్లో రెండు మూలలు పట్టుకుని, రెండడుగులు ముందుకి నడిచి, వేళ్ళు కలిపి, మడిచి దించి చూపించింది. వరసలో నిట్టూర్పులు ఆగిపోయాయి.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. గొలుసు మీద అవి వేలాడాయి. కౌంటరు మీదనుంచి చెయ్యి చాపి నా చెయ్యి తీసుకుంది, గాజుపలక మీద పెట్టలేదు, తన బొటన వేలితో నా వేలి కొస నిమిరి చూసింది. తర్వాత కింది సొరుగు లాగి, అడుగున ఎక్కడో ఉన్న ఫారం తీసి, దుమ్ము ఊదింది.

"పని వల్ల వేళ్ళు అరిగిపోయినవాళ్ళదట," పిల్ల చెప్పింది. "ఇది రాస్తే వేళ్ళు పెట్టక్కర్లేదట. ఫోటో, సంతకం చాలట."

"మరి ముందే ఎందుకివ్వలేదో అడుగు."

అడిగింది. "ఎవరూ పని వల్ల అని చెప్పరటమ్మా. అందరూ పుట్టుకతోనే అంటారట."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. ఆవిడ ఇంకేదో చెప్పింది. పిల్ల ఈసారి మెల్లిగా చెప్పింది.

"ఒక కాగితం పనిచేసే చోట్లు చూసే ఆఫీసుకి వెళ్తుందట. వాళ్ళు లాండ్రీకి రావచ్చట. నీ పేరు చెప్పరట."

పేరు చెప్పనక్కర్లేదు. ఆ నెలలో ఆఫీసు తారీకు ఎవరిదో లాండ్రీలో అందరికీ తెలుసు. పని పోతే పర్మిట్టూ పోతుంది. పర్మిట్టు పోతే పిల్ల బడి పోతుంది. ఫారం వద్దంటే మూడు వారాలాగి మళ్ళీ రమ్మంటారు, మళ్ళీ వేళ్ళు పెంచుకోవాలి, మళ్ళీ దీపం. ఇవన్నీ నా తలలో గిర్రున తిరుగుతుండగా, పిల్ల ఫారం మీదికి వంగి చదువుతూ ఒక్కసారిగా గంతేసింది.

"అమ్మా! ఇవి మా టీచరమ్మ ప్రశ్నలే! కూర్చోడానికి ఉంటుందా, నీళ్ళుంటాయా, అన్నీ అవే!"

ఆవిడ పెన్ను పట్టుకుని నావైపు చూసింది. పిల్ల కూడా నావైపు చూసింది. దానికి ఈ జవాబులన్నీ వచ్చు. ఇంట్లో నేను చెప్పినవే, దాని చేత్తో రాసుకున్నవే.

"కూర్చోడానికి ఉంటుందా?" అంది.

"లేదు."

"నీళ్ళు?"

"ఉన్నాయి. వెళ్ళనివ్వరు."

"చేతి తొడుగులు?"

"లేవు."

ఒక్కొక్కటీ అది ఆవిడకి చెప్పింది. మరి ఇంట్లో అలా చెప్పావేం అని ఒక్కసారి కూడా నా మొహంలోకి చూడలేదు. ఆ చూడకపోవడం నేను ఎన్నటికీ మరచిపోను.

చివర సంతకం. మా అమ్మ ఎక్కడికి వెళ్ళినా సిరాలో వేలు ముంచేది. నా కూతురు వేలు ముంచకూడదు అని పట్టుబట్టి నన్ను ఏడు తరగతుల దాకా లాక్కొచ్చింది. నున్నటి వేళ్ళలో పెన్ను జారింది. గట్టిగా పట్టుకుని, తెలుగులో, పూర్తి పేరు, ఒక్క పొల్లు కూడా వదలకుండా పెట్టాను.

బయటికి వచ్చాక పిల్ల ఐసు కావాలంది. కొనిపెట్టాను.

*

"సంతకం పెట్టేశావా?" అంది పెద్దక్క, మర్నాడు రోలరు దగ్గర ఫారం సంగతి వినగానే. లేచి తిరుగుతోంది గాని ఇంకా నీరసంగానే ఉంది.

"పెట్టేశానక్కా."

"నన్నడగాలని తోచలేదా? అది నీ ఒక్కదాని కాగితమా? రేపు వాళ్ళొస్తే అందరి మెడలమీదా పడుతుంది."

"పిల్ల ముందు ఇంక అబద్ధం చెప్పలేకపోయానక్కా."

పట్టూ, నడూ అనకుండానే పది దుప్పట్లు మడిచాం.

"తెలుగులోనే పెట్టావా సంతకం?"

"ఆఁ."

"బాగా వచ్చిందా?"

"పొల్లుతో సహా."

"ఊఁ," అంది పెద్దక్క. "నాకూ వచ్చే ఏడాది ఉంది తారీకు. నీ కూతుర్ని నాకూ అరువియ్యి."

రెండు వారాలకి వాళ్ళు వచ్చారు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, చేతుల్లో పుస్తకాలు. ఆగిపోయిన ఫ్యాను కింద నిలబడి పైకి చూశారు. గేటు పక్క కుళాయి నుంచి రోలరు దాకా అడుగులు వేసుకుంటూ వచ్చారు. ఆ రోజంతా ఈల వినబడలేదు. చెవులకి కొత్తగా ఉంది.

ఆ తర్వాత ఫ్యాను తిరిగింది. రోలరు దగ్గరికి నీళ్ళ డబ్బా వచ్చింది, రెండు స్టూళ్ళు వచ్చాయి. చేతి తొడుగులూ వచ్చాయి, మగవాళ్ళ కొలతవి. పెద్దక్క రెండు చేతులూ ఒకే తొడుగులో దూర్చి అందరికీ చూపించి, కత్తెర తెచ్చి అందరివీ కత్తిరించి కుట్టింది. నన్ను రోలరు దగ్గరినుంచి తీసేసి మాసిన బట్టల గదిలో వేశారు. ఆసుపత్రి మూటలు విప్పి వేరుచేసే చోటు, ఆ వాసన జుట్టులోంచి పోదు. ఎందుకు వేశారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మొదటి రోజు పెద్దక్క తలుపు దగ్గరికి వచ్చి, ముక్కు మూసుకుని, "పోన్లేవే," అంది. "ఇక్కడ వేడి లేదు. వేళ్ళు బాగా పెరుగుతాయి."

పర్మిట్టు కవరులో వచ్చింది. వేలిముద్ర ఉండాల్సిన చోట ఒక అడ్డగీత, దాని కింద నా సంతకం. ఆయన దాన్ని గోడకి ఆనించి దూరంగా వెళ్ళి చూశాడు. "పొల్లు మరీ పెద్దదయింది," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, రంగు పడిందన్నాడు.

*

సెలవులకి రెండు రోజుల ముందు బడికి వెళ్ళాను. తల మూడుసార్లు రుద్దుకున్నాను, అయినా వాసన వస్తుందేమోనని పిల్లలకి దూరంగా నిలబడ్డాను. చిన్న కుర్చీలు, గోడలనిండా బొమ్మలు. నాకంటే ముందు ఒక పాప తాతయ్య వచ్చి వెళ్ళాడట, రాత్రిళ్ళు రొట్టెలు కాల్చే పని ఆయనది. టీచరమ్మ నాకంటే చిన్నది. నన్ను చూసి లేచి నిలబడింది. నాకోసం టీచరు లేచి నిలబడటం ఏమిటో, నేనే కూర్చోబోయి ఆగిపోయాను.

పిల్ల కాగితం చదివింది. మా అమ్మ అక్కడనుంచి వచ్చింది. పని అక్కడ ఉంది గాని చాలలేదు. మిగతా జవాబులన్నీ మార్చి రాసుకుంది. కూర్చోడానికి లేదు, ఇప్పుడు రెండు స్టూళ్ళున్నాయి. నీళ్ళు దూరం, ఇప్పుడు దగ్గర. చివరికి వచ్చి ఆగింది. అక్కడ కాగితం మీద నల్లటి మరక ఉందని నాకు తెలుసు.

పిల్లల్ని ఏమైనా అడగమంది టీచరమ్మ. ముందు వరసలో రెండు పళ్ళూడిన పాప చెయ్యెత్తింది. అడిగింది.

"అమ్మా, పని చేస్తే నొప్పి పుడుతుందా అంటోంది," అంది మా అమ్మాయి.

అది చెప్పక ముందే నాకు అర్థమైంది. ఇక్కడికి వచ్చిన కొత్తల్లో నేర్చుకున్న మాటల్లో నొప్పి ఒకటి. ఇరవై జతల కళ్ళు నా చేతుల్ని చూస్తున్నాయి. దాచుకుందామనుకున్నాను. కొంగు కిందికి వెళ్ళిన చేతుల్ని మళ్ళీ బయటికి తీశాను.

"పుడుతుంది," అన్నాను.

మా అమ్మాయి వెంటనే వాళ్ళకి చెప్పలేదు. చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, కాగితాన్ని గోడకి ఆనించి, ఆ మరక మీద రాసింది. నిదానంగా రాసింది. అప్పుడు తిరిగి పిల్లలకి చెప్పింది. ఎవరూ నవ్వలేదు. పళ్ళూడిన పాప తన వేళ్ళ మీద ఊదుకుంది.

సంచిలోంచి దుప్పటి తీసి పరిచాను. మా అమ్మాయి తన రెండు మూలలూ పట్టుకుని, బల్లల మధ్యనుంచి వెనక్కి వెనక్కి నడిచి గోడ దాకా వెళ్ళింది.

"నేను పాడతానమ్మా," అంది.

పట్టూ అంది. నడూ అంది. నావైపు నడిచి వస్తోంది. ఈ ఎండాకాలంలో ఒక అంగుళం పొడుగైందేమో, మునికాళ్ళ మీద లేవకుండానే నా చేతుల్ని అందుకుంది. కలుపూ అంది. దాని వేలి కొసలు నా వేలి కొసలకి ఆనాయి. సుడులు సుడులుగా, గరుకుగా తెలిశాయి నాకు.

దించమంది. కాసేపు అలాగే పట్టుకున్నాను.